బెజవాడ నుండి హంసలదీవి వఱకు

మా మేనకోడలు క్రిందటి శీతకాలమున తూర్పుదేశములు చూచి వచ్చినది. టోకియో, క్యోటో, నాగసాకి, హాంకాంగు పట్టణములలో పదునెనిమిది దినములు తిరిగి, మా ఇంట దిగిన సాయంకాలమే వీధిలోని స్త్రీలమందఱము ఆమెచుట్టు చేరితిమి. టోకియోలో ఒక్క అట్టముక్క చేతనుంచుకొన్నచో రైలెక్కవచ్చును, బస్సెక్కవచ్చును, అంగడిలో సరకులు కూడ కొనవచ్చునట. బండి ప్రతి మజిలీకి చేరకముందే ఆ చోటిపేరు వినిపించును గనుక, భాషరాని పరదేశి యైనను ఎవరినీ అడుగకయే తన చోట దిగిపోవునట. హాంకాంగులో ట్రాముబండ్లు 1904వ సంవత్సరము నుండి నేటివఱకు నడచుచున్నవట, నేడవి రెండంతస్తులవట. ఇట్లు ఆమె చెప్పుచుండగా మేము నోరు తెఱచుకొని వింటిమి.

అంతయు చెప్పి చివర నామె మమ్మే ఒక ప్రశ్న యడిగెను. "అత్తయ్యా, క్యోటోలో ఒక ముసలావిడతో స్నేహమయింది. మీ ఊళ్లో చూడవలసినవేమిటి, ఎలా తిరగాలి అని అడిగింది. దుర్గమ్మ గుడి, బ్యారేజి అని చెప్పి ఆగిపోయాను. ఆ తర్వాత ఏం చెప్పాలి?"

మేము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. కాశి చూచినవారము, రామేశ్వరము చూచినవారము, అమెరికాలో కుమారుని ఇంట ఆఱు నెలలున్నవారము మాలో గలరు. కాని ఇల్లు దాటిన గడియలో చేరదగిన ఉండవల్లి గుహలను లోపలికి పోయి చూచినవారు ఇద్దఱే తేలిరి. ఘంటసాల నెవరును చూడలేదు. కృష్ణమ్మ సముద్రములో కలియు హంసలదీవిని చూచిన దొక్క పిన్నమ్మగారే. ఆమె పుట్టినది దివిసీమలో, కోడూరు ప్రాంతపు ఒక చిన్న పల్లెలో. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ ఉప్పెన తరువాత ఆమె ఆ దిక్కునకు పోలేదు. ఎందుకు పోలేదని మా ఇంట నెవరును అడుగరు.

ఆ రాత్రియే ప్రయాణము నిశ్చయమైనది. మేము తోడికోడండ్ర మిద్దఱము, మేనకోడలు, పిన్నమ్మగారు, వెరసి నలుగురము. పిన్నమ్మగారు ముందుగానే చెప్పివేసినది. "మోపిదేవి దాకా వస్తాను. స్వామి దర్శనం చేసుకుని నేను వెనక్కి వచ్చేస్తాను. ఆపైన మీరు వెళ్లండి." సరే యంటిమి.

ఇంటి మగవారు కారు మాట్లాడి పెట్టుదు మనిరి. మేనకోడలు వలదనెను. ఆ దేశములలో ఆ ఊరివా రెట్లు తిరుగుదురో తానట్లే తిరిగినదట, ఇక్కడను అట్లే తిరుగవలెనట. పైగా 2025వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రమున స్త్రీ శక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు చార్జీ లేని ప్రయాణము వచ్చినదిగదా! ఆధారు కార్డు చూపినచో కండక్టరు సున్న రూపాయల టిక్కెట్టు చించి ఇచ్చును. నలుగురికి నాలుగు చేతిసంచులు, రెండు జతల నేతచీరలు, ఒక దుప్పటి, మూడు పూటలకు నిలువయుండు పులిహోర, మంచినీళ్లు, పిన్నమ్మగారి మందులు. ఇంతకుమించి ఏమియు కట్టుకొనలేదు. మాఘమాసము గనుక ఎండ బాధ లేదు.

మొదటి దినము

తెల్లవారుజామున కనకదుర్గమ్మకు దండము పెట్టుకొని, కొండదిగి ప్రకాశం బ్యారేజిమీద కాలినడకన పోయితిమి. పూర్వ మిచ్చట రాతి ఆనకట్ట యుండెడిది. సర్ ఆర్థరు కాటన్ దొర పూనికపై అది 1855లో పూర్తియైనది. 1952లో అది తెగిపోగా, 1954లో క్రొత్త కట్టడ మారంభించి 1957లో ముగించి, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. ఇచ్చటినుండి ఇరువైపుల కాలువలు బయలుదేరి పన్నెండు లక్షల ఎకరములకు పైగా తడుపుచున్నవి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ అను మూడు కాలువలు విజయవాడ నడుమనుండియే పోవును. మనము దినమునకు పదిమాఱులు వానిపై వంతెనలు దాటుదుము గాని ఏది ఏ కాలువయో మనలో చాలమందికి తెలియదు. ఆ కాలువలే ఒకప్పుడు బాటలు. పడవలో పడుకొని ఏలూరు కాలువమీదుగా గోదావరి సీమకును, అవతలి ఒడ్డు కాలువలమీదుగా చెన్నపట్టణమునకును పోయెడివారు.

పిన్నమ్మగారు కమ్మీ పట్టుకొని నీటివంక చూచుచు, "ఈ నీళ్లే మా ఊరికి చివర వస్తాయి," అనెను. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి వారమున ఈ బ్యారేజిగుండా 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు పోయినది. ఆ దినములలోనే బుడమేరు పొంగి నగరములో వేలకొలది ఇండ్లు మునిగినవి. నీ రన్నము పెట్టును, నీరే ఇల్లు ముంచును. ఈ డెల్టాలో కాపురముండు స్త్రీలకు ఈ మాట ఎవరును క్రొత్తగా చెప్పనక్కఱలేదు.

బ్యారేజి దాటి ఆటోలో ఉండవల్లి చేరితిమి. కొండను పైనుండి క్రిందికి తొలిచి నాలుగంతస్తుల మేడ చేసినారు. నాలుగైదవ శతాబ్దులలో విష్ణుకుండినుల కాలమున నిది రూపొందినదని పెద్దలందురు. పై యంతస్తున ఒకే రాతిలో మలచిన అనంతశయనుడు చీకటిలో పవళించియున్నాడు. వెలుపల వరుసగా కూర్చున్న ఋషుల విగ్రహములు పొలములవంక చూచుచున్నవి. మెట్లు ఎత్తైనవి గనుక పెద్దలు చేయూతతో ఎక్కవలెను.

అచ్చట నీడలో కూర్చుండి మేనకోడలు ఒక కథ చెప్పెను. చీనాదేశపు యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు క్రీ.శ. 640 ప్రాంతమున మన సీమకు వచ్చి కొన్ని నెలలుండెను. ధాన్యకటక దేశమని అతడు వ్రాసినది ఈ ప్రాంతమే. రాజధానికి తూర్పుకొండమీద నొకటి, పడమటికొండమీద నొకటి, రెండు విహారము లుండెనని అతడు వ్రాయుటచేత, ఆ రాజధాని బెజవాడయే యని కొందఱు పండితులు తలచిరి. సంఘారామములు చాలవఱకు పాడుపడినవని, సుమారు ఇరువది మాత్రము నిలిచినవని కూడ అతడు వ్రాసెను. అయినను వెడలిపోక, ఇచ్చటి ఇద్దఱు భిక్షువులవద్ద అభిధర్మమును చదువుకొని, తనకు తెలిసినది వారికి చెప్పెను. రైలు లేదు, బస్సు లేదు, మజిలీపేరు పిలుచువాడు లేడు. అంతదూరమునుండి వచ్చినవాడు శిథిలముల నడుమ కూడ నేర్చుకొనదగినది వెదకెను. ఇంటిచెంత నుండియు చూడని మాకు ఆ కథ ఒక చిన్న చురక వంటిదయ్యెను.

మధ్యాహ్నమునకు బస్సులో అమరావతి చేరితిమి. అమరేశ్వరుడు పంచారామములలో నొకడు. కృష్ణ యొడ్డుననే కోవెల. కాళ్లు కడుగుకొని దర్శనము చేసికొని, దీపాలదిన్నె యని ఊరివారు పిలుచు మహాస్తూపమునకు నడచితిమి. ఇప్పు డచ్చట గుండ్రని దిబ్బ, కొన్ని పలకలు మాత్రము మిగిలినవి. మెకంజీ దొర 1797 ప్రాంతమున దీనిని మొదట చూచెను. 1845లో వాల్టరు ఇలియట్ దొర త్రవ్వించిన పాలరాతివంటి పలకలు మద్రాసునకును, అచ్చటినుండి 1859లో లండనునకును తరలిపోయినవి. నేటికిని బ్రిటిషు మ్యూజియములో కొన్ని, చెన్నై ఎగుమూరు మ్యూజియములో కొన్ని, ఊరిలోని మ్యూజియములో కొన్ని యున్నవి.

పలకలమీద దాతల పేర్లు చెక్కియుండుటయే స్త్రీలు చూడవలసిన విషయము. దాతలలో రాజుల కంటె సామాన్యులే యెక్కువ. గృహిణులు, భిక్షుణులు, బిడ్డలతో కలిసి దాన మిచ్చిన తల్లులు పలువురు గలరు. విధికుడను చర్మకారుడు తల్లితోను, భార్యతోను, బిడ్డలతోను కలిసి పూర్ణఘటము చెక్కిన పలక నిచ్చెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నములోని పూర్ణఘటము ఈ అమరావతి శిల్పమునుండియే వచ్చినది. ఆనాడు ఇంటివారందఱి పేర్లు కలిపి చెక్కించుకొనుట చూచి పిన్నమ్మగారు, "మా ఇంటి పేర్లు ఎక్కడా రాసిలేవు," అని మెల్లగా అనెను. మేము విననట్లు ఊరకుంటిమి. రాత్రికి బెజవాడ తిరిగి వచ్చితిమి.

రెండవ దినము

తెల్లవారి బందరు రైలెక్కితిమి. రైలులో టిక్కెట్టు కొనవలెను. స్త్రీ శక్తి బస్సునకే. వరికోత లైపోయి, ఆ చేలలోనే చల్లిన మినుము పచ్చగా నేలనంటి యున్నది. గుడివాడ దాటిన పిమ్మట అక్కడక్కడ చేపల చెఱువులు. బందరుకు ముందు పెడన స్టేషనులో దిగితిమి.

పెడన కలంకారీ అద్దకమునకు పెట్టినది పేరు. మేము పోయిన కార్ఖానా యజమానురాలు విసుగులేక అన్నియు చూపినది. ముతక గుడ్డను ఉదికి, కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టుదురు. కరక్కాయలోని వగరు రంగును పట్టును, పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో దినములతరబడి నానవేసినచో నల్లరంగు వచ్చును. ఎఱుపు కావలసినచోట పటికతో అద్దుదురు. అద్దినపుడు దాని కంతగా రంగు కనబడదు, తరువాత రంగుచెక్కతో కలిపి కాచునపుడే ఎఱుపు పుట్టును. పూర్వ మీ ఎఱుపునకు చిరివేరు వాడెడివారు. టేకుచెక్కమీద చెక్కిన అచ్చులు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్కటి కావలెను. ఒకే పువ్వునకు మూడు నాలుగు అచ్చులు పట్టును. ఒకటి వెండ్రుకవాసి తొలగినచో పువ్వంతయు చెడును. బట్టను పాఱు నీటిలో జాడించుట ముఖ్యము. నిలువనీటిలో వదలిన రంగు మరల గుడ్డకే అంటుకొనును. కాలువ లేనిచో కలంకారీ లేదని ఆమె చెప్పెను.

అచ్చుల వరుస చూచుచున్న మేనకోడలు ఒక అచ్చును చేతబట్టుకొని నిలిచిపోయినది. జపానులో ఒక ప్రదర్శనశాలలో తేనీటి పాత్రలను చుట్టిపెట్టు పాతగుడ్డపై నిటువంటి తీగనే చూచితిననెను. అచ్చట దానిని "సరస" యందురట. జపానువారు పరదేశీయులకు తలుపులు మూసికొన్న కాలమున డచ్చివారిని మాత్రము నాగసాకి రేవులోని దెజిమా యను చిన్న దీవిలో నుండనిచ్చిరి. ఆ డచ్చివారి ఓడలు మన తీరపు అద్దకపు బట్టలను జపానునకు మోసికొనిపోయినవి. తేనీటి వేడుక చేయువారు వానిని పట్టుకంటె మిన్నగా దాచుకొనిరట. సయాము రాజుల ముచ్చటకు తగిన నమూనాలను కూడ మన తీరముననే అద్దెడివారు. ఈ మాట విని కార్ఖానా యజమానురాలు, "అమ్మా, మా తాత చెక్కిన అచ్చు ఎక్కడిదాకా పోయిందో చూశారా!" అని నవ్వినది. ఆ పాతగుడ్డ సరిగా పెడనదో, తీరమున మఱియొక చోటిదో మేమెఱుగము. తీగ మాత్రము ఒక్కటే. తలకొక జాకెట్టు గుడ్డ కొంటిమి.

పెడననుండి బందరు ఎంతోదూరము లేదు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఈ రేవున దిగిరి. ఆ కాలమున ఇచ్చటి ఓడలు పెగూకును, అచేహ్‌కును, పారసీకమునకును పోయెడివి. నేడు మిగిలినది ఒక డచ్చి శ్మశానవాటిక. పెద్ద పెద్ద నల్లరాతి పలకలమీద వంశచిహ్నములు, డచ్చిభాషలో వ్రాతలు. చిన్నపిల్లల సమాధులు కూడ చూచితిమి. ఎంత దూరము వచ్చి ఎవరి బిడ్డ లిచ్చట మిగిలిపోయిరో గదా యనిపించెను. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము ఊరిమీదికి వచ్చి ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనినది. ఆ తరువాత బందరు రేవు పూర్వవైభవమును పొందలేదు. క్రొత్త రేవు నిర్మాణము 2023లో ఆరంభమైనది.

అయినను బందరు చితికిపోయి కూర్చున్న ఊరు కాదు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను పెట్టినదీ ఊరు, 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించినదీ ఊరు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. గోధుమపాలు, బెల్లము, నెయ్యి కలిపి గంటలకొలది త్రిప్పి చేయు బందరు హల్వా మాత్రము ఇంకను ఉన్నది. రాత్రికి బందరులోనే బస.

మూడవ దినము

బందరునుండి చల్లపల్లికి బస్సు. అచ్చట మాఱి కూచిపూడి. సిద్ధేంద్రయోగి పేరు చెప్పనిదే ఈ ఊరి కథ మొదలుకాదు. తరతరములుగా ఇచ్చట పురుషులే స్త్రీవేషము వేసి సత్యభామగా జడ వేసికొని వచ్చెడివారు. ఆ వేషమున వేదాంతం సత్యనారాయణశర్మగారిని చూచినవారు స్త్రీ కాదని నమ్మలేకపోయెడివారట. నేడు కూచిపూడి నేర్చుకొనువారిలో ఆడపిల్లలే మెండు. మేము పోయినపుడు పది పండ్రెండేండ్ల బాలికలు నేలపై కాళ్లు తట్టుచు అడుగులు నేర్చుచుండిరి. దగ్గఱనే భట్లపెనుమఱ్ఱు. జాతీయ పతాకమును 1921లో బెజవాడ కాంగ్రెసు సభలో గాంధీగారి కందించిన పింగళి వెంకయ్యగారు 1876లో ఆ ఊరనే పుట్టిరి. ఆయన జపాను భాష నేర్చి, 1913లో బాపట్లలో ఆ భాషలో ఉపన్యసించుటచే జపాన్ వెంకయ్య యను పేరు వచ్చినది. మా మేనకోడలికి ఈ సంగతి తెలియదు. "మనకంటె ముందే ఒకాయన ఆ దారి చూశాడన్నమాట," అని ముచ్చటపడినది.

తరువాత ఘంటసాల. నేడు చిన్న ఊరు. ఒక బౌద్ధస్తూపపు దిబ్బ, ఒక చిన్న మ్యూజియము. రెండవ శతాబ్దమున టాలెమీ యను యవన భూగోళకారుడు కంటకస్సిల యను రేవుగా దీనిని పేర్కొనెను. ఇచ్చటి శాసనములో శివకుడను మహానావికుని పేరున్నది. ఈ ఊరిని గుఱించి సోదరీమణులకు ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి కలదు. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి యను ఉపాసిక నాగార్జునకొండవద్ద ఒక చైత్యగృహమును కట్టించి శాసనము వేయించినది. తాను చేసిన ధర్మకార్యములను అందులో లెక్కించుచు, కంటకసేలలోని మహాచైత్యమునకు తూర్పుద్వారమున రాతిమండపము కట్టించితినని చెప్పినది. కంటకసేల యనగా ఈ ఘంటసాలయే. పుట్టినింటివారిని, మెట్టినింటివారిని పేరుపేరున తలచి ఆ పుణ్యమును పంచినది. కాశ్మీరము, గాంధారము, చీనా మొదలగు దేశములకు ధర్మమును కొనిపోయిన సింహళ భిక్షువుల నిమిత్తము ఆ చైత్యగృహమని వ్రాయించినది. పదునేడువందల యేండ్లనాటి ఒక ఇల్లాలి శాసనములో మన ఘంటసాల పేరును, చీనాదేశము పేరును ప్రక్కప్రక్కన నున్నవి! క్యోటో ముసలావిడకు చెప్పవలసిన మాట ఇదియే యని మేనకోడలు పుస్తకములో వ్రాసికొనెను.

ఈ ముచ్చటలలో పడి బస్సు తప్పిపోయితిమి. ప్రొద్దు వాలుచున్నది. మినుము చేలలో కలుపుతీసి ఇండ్లకు పోవు ఆడకూలీలు ఎక్కిన ఆటో నొకదానిని ఆపితిమి. ఆరుగురు కూర్చున్నచోట సర్దుకొని మాకు చోటిచ్చిరి. "ఎవరింటికి వచ్చారమ్మా?" అని యడిగిరి. ఊళ్లు చూడ వచ్చితిమని చెప్పగా ఒక ముసలామె నవ్వి, "మా ఊళ్లో చూడ్డానికేముంది తల్లీ?" అనెను. మేమును బెజవాడలో కూర్చుండి నిన్నటివఱకు అన్న మాటయే యది. మేనకోడలు బోధిసిరి కథ చెప్పినది. వారు చల్లపల్లి వచ్చువఱకు వినుచునే యుండిరి. అచ్చటినుండి మోపిదేవి కొలది మైళ్లు. సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి, రాత్రికి అచ్చటనే తలదాచుకొంటిమి. పిన్నమ్మగారు తెల్లవారి బెజవాడ బస్సు ఎన్నిగంటలకో కనుగొని పండుకొనెను.

నాలుగవ దినము

మేము లేచునప్పటికి ఆమె స్నానము చేసి, బొట్టు పెట్టుకొని, సంచి చేతబట్టుకొని వాకిట నిలుచుండెను. బెజవాడ బస్సు వచ్చినది, పోయినది. ఆమె ఎక్కలేదు. అవనిగడ్డ బస్సు వచ్చినది. మాకంటె ముందుగా ఎక్కి కిటికీ ప్రక్కన కూర్చున్నది. మేమేమియు అడుగలేదు.

పులిగడ్డవద్ద కృష్ణ రెండు పాయలై దివిసీమను కౌగిలించుకొనును. ఆ పాయమీదుగా కాలువనీటిని దాటించు అక్విడక్టు చూడదగినది. క్రింద నది, పైన కాలువ. అవనిగడ్డలో మాఱి, కోడూరుమీదుగా హంసలదీవి పోవు పల్లెవెలుగు ఎక్కితిమి. బాట కిరువైపుల వరిమళ్లు తఱిగి రొయ్యల చెఱువులు, తాటిచెట్లు, తుపాను ఆశ్రయముగా కట్టిన ఎత్తు స్తంభముల మేడలు కనబడసాగెను. 1977 ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయిన పిమ్మట కట్టిన వివి. పిన్నమ్మగారికి అప్పటికి పెండ్లియై రెండేండ్లు. పురిటికి పుట్టినింటికి పోవలసియుండగా, నెలలు నిండలేదని అత్తగారు బెజవాడలో నిలిపివేసిరి. తల్లి, తండ్రి, ఇద్దఱు చెల్లెండ్రు, ఒక తమ్ముడు ఆ రాత్రి పోయిరి. ఈ మాటలు బస్సులో ఆమెయే చెప్పెను. ఏబదియేండ్లకు సమీపించుచున్న కాలములో మేము వినుట అదే మొదలు.

ఇంతలో కండక్టరు ఒక ఊరి పేరు కేకవేసెను. ఎవరో ఇద్దఱు కూరగాయల బుట్టలతో దిగిరి. పిన్నమ్మగారు మేనకోడలి చేయి పట్టుకొనెను. "మా ఊరి పేరు పిలిచాడమ్మా. దిగేవాళ్లు కూడా ఉన్నారు. ఊరుందన్నమాట."

దిగుదమా యని అడిగితిమి. వచ్చునపుడు చూతమనెను.

హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించి, ఆటోలో సముద్రతీరము చేరి, ఇసుకలో నడచితిమి. మాఘపూర్ణిమకు జనము వేలకొలది వచ్చుదురు గాని ఆనాడు జాలరులు తప్ప ఎవరును లేరు. ఒకవైపు మడ అడవుల పచ్చదనము, ఒకవైపు కెరటములు. మొదటి దినము బ్యారేజిమీద చూచిన నీరు మట్టిరంగున వచ్చి నీలపు నీటిలో కలియుచున్నది. పిన్నమ్మగారు మోకాటివఱకు దిగి, దోసిటితో నీరు తీసికొని, ఐదుమాఱులు విడిచెను. తరువాత గట్టుమీద కూర్చుండి మిగిలిన పులిహోర మాతోపాటు తిన్నది.

తిరుగు ప్రయాణమున ఆ పల్లెలో దిగితిమి. పాత ఇండ్ల జాడ లేదు. కాలువ మీది తూము మాత్రము పాతదేనని ఆమె గుఱుతుపట్టెను. ఒక ఇంట మజ్జిగ యిచ్చిరి. గంటసేపు కూర్చుండి, మరల బస్సెక్కినపుడు పిన్నమ్మగారు కండక్టరుతో, "ఈ ఊరి నుంచి అవనిగడ్డకు ఇవ్వు నాయనా," అని ఊరిపేరు గట్టిగా చెప్పినది. సున్న రూపాయల టిక్కెట్టు వచ్చినది. దానిపై ఆ ఊరిపేరు అచ్చుపడియున్నది. ఆ చీటి నేడు మా ఇంట దేవునిగూటిలో, కుంకుమభరిణ క్రింద నున్నది.

సోదరీమణులారా! దూరదేశములు చూడవలదని మేమనము. అవకాశమున్నచో తప్పక చూడుడు. కాని ముందుగా ఈ నాలుగు దినముల యాత్రయు చేయుడు. ఆధారు కార్డు మఱువకుడు. సాయంకాలము నాలుగు దాటిన తరువాత పల్లెలలో బస్సులకై నమ్మి కూర్చుండకుడు. మీ ఇంట ఎవరైన ఒక ఊరిపేరు చాలకాలముగా ఎత్తని పెద్దలున్నచో, వారిని కూడ వెంట రమ్మని యడుగుడు. రామన్నచో బలవంతము చేయకుడు. బస్సులో కిటికీ ప్రక్క చోటుమాత్రము వారికై ఉంచుడు.